కథ రాయడం నేర్చుకుందాం – 7వ పాఠం: దేవతకు పురుగు ఒళ్లు

గత పాఠంలో చోటును రాయడం నేర్చుకున్నాం. మీకు బాగా తెలిసిన ఒక తోటనో, చెరువు గట్టునో తీసుకొని అక్కడి వాసన, చప్పుడు, కాలి కింది తడి ఒక పేజీలో పెట్టమని, మనుషుల్ని మాత్రం రానివ్వవద్దని చెప్పాను. నాకు చూపించిన వాళ్లలో సగం మంది రెండో పేరాలోనే ఒక తాతను తీసుకొచ్చి చెట్టు కింద కూర్చోబెట్టారు. తాతను లేపి ఇంటికి పంపించండి. మిగిలిన తోటను చేతిలో ఉంచుకోండి. ఈ పాఠంలో ఆ తోటకు కాపలాగా ఒక దేవతను పెట్టి, ఆమెను కింద పడేస్తాం.

ఇప్పుడు నేర్చుకోవలసింది పాత్రకు ఒళ్లు ఇవ్వడం. అభ్యాసానికి తీసుకున్న పాత్ర ఒకప్పుడు ప్రకృతి దేవత. ఇప్పుడు చావున్న ఒంట్లో ఉంది. ఆ ఒళ్లు పురుగుది. దానికి బూజు సోకింది. ఇంత వికారమైన పాత్రతో పాఠం చెప్పడం ఎందుకని మొన్న ఒకరు అడిగారు. గుమస్తా గురించి రాస్తే పాఠకుడు తనకు తెలిసిన గుమస్తాను తెచ్చుకొని మనం వదిలేసిన ఖాళీలన్నీ తనే పూరిస్తాడు. మన తప్పు మనకు తెలియదు. పురుగైన దేవతను ఎవరూ చూడలేదు. అక్కడ వదిలిన ప్రతి ఖాళీ ఖాళీగానే కనబడుతుంది. ఈ ఒక్క పాత్రను నిలబెట్టగలిగితే గుమస్తా సులువు.

ముందు తప్పు చేద్దాం

కింది రెండు వాక్యాలు చదవండి.

"ఒకప్పుడు వనాలను ఏలిన ఆ దేవత నేడు అసహ్యకరమైన కీటక రూపంలో, కుళ్లిన దేహంతో, అంతులేని వేదనతో విలపించింది. ఆమె కన్నులలో గత వైభవం మెరిసింది."

ఇవి ఎవరో విద్యార్థి రాసినవి కావు, నావే. చాలా ఏళ్ల కిందట సోంపేటలో ఒక అద్దె గదిలో కూర్చొని రాసి, బాగా రాశానని రెండు రోజులు సంతోషపడ్డాను. ఇప్పుడు చూస్తే ఆ వాక్యాల్లో పురుగూ లేదు, దేవతా లేదు. ఉన్నది నేను ఒక్కడినే. "అసహ్యకరమైన" అంటే ఎవరికి అసహ్యం? పెంటకుప్పలో పుట్టే పురుగుకు పెంటకుప్ప పురిటిల్లు. అసహ్యం నాది, దాన్ని ఆమె నెత్తిన పెట్టాను. "విలపించింది" అంటే దేనితో? పురుగుకు ఊపిరితిత్తులు లేవు. పొట్ట పక్కలనున్న సన్నని రంధ్రాల్లోంచి గాలి గొట్టాల వెంట నేరుగా కండల్లోకి పోతుంది. గొంతులోంచి ఏడుపు రావడానికి గాలి ఆ దారిన పోనే పోదు. "కన్నులలో మెరిసింది" మరీ ఘోరం. ఏ వనం, ఏ పురుగు, ఏ బూజు అన్న మూడు ప్రశ్నలకు ఆ రెండు వాక్యాల్లో జవాబు వెతకండి. దొరకదు. ఈ పాఠమంతా ఆ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పడమే.

మన భాషలో ముందే ఉన్నది

ఇలాంటి పాత్ర మన నేలకు కొత్త అనుకొని చాలామంది భయపడతారు. "పుట్టగొడుగు" అన్న మాటను ఒకసారి విడదీసి చూడండి. పుట్ట మీద మొలిచే గొడుగు. పుట్ట కట్టేది చెదపురుగులు. కొన్ని జాతుల చెదపురుగులు పుట్ట లోపల బూజు లాంటి శిలీంధ్రాన్ని పంటలా పెంచి తింటాయి. వానలు పడ్డాక ఆ శిలీంధ్రమే పుట్ట మీద గొడుగు విప్పుతుంది. అదే పుట్టకు నాగులచవితి నాడు పసుపు కుంకుమలు పెట్టి పాలు పోస్తాం. దేవుడు, పురుగు, బూజు ముగ్గురూ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్నారు. ఆ ఇంటి మీద మొలిచిన దానికి మనవాళ్లు ఎప్పుడో పేరు పెట్టేశారు.

ఒళ్లు మారిన దేవతలకూ కొదవ లేదు. శ్రీకాకుళం నుంచి కాస్త దూరం వెళితే శ్రీకూర్మంలో విష్ణువు తాబేలు. ఎముకల గూడు లోపల దాచుకోకుండా డొప్పను బయట మోసే దేవుడు. విజయనగరంలో దసరా దాటిన తర్వాతి మంగళవారం పైడితల్లి పండుగకు ఊరేగే సిరిమాను చింతమాను. అమ్మవారు పూజారికి కలలో కనబడి ఆ చెట్టు ఎక్కడుందో చెబుతుందని నమ్మకం. దేవత చెట్టులో ఉంటుందన్న సంగతి మా జిల్లాల వాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు. గజేంద్రమోక్షంలో మొసలి ఒకప్పుడు హూహూ అనే గంధర్వుడు, ఏనుగు ఇంద్రద్యుమ్న మహారాజు. ఆ కథలో నాకు నచ్చేది మోక్షం కాదు, అంతకు ముందు జరిగిన పోరు. వెయ్యేళ్లు ఏనుగు ఏనుగులాగే పోరాడింది, మొసలి మొసలిలాగే పట్టింది. ఒళ్లు చేయగలిగినదంతా చేసి అలిసిపోయాకే పాతది గుర్తుకొచ్చింది. మన అభ్యాసంలోనూ అదే వరుస పాటించండి. ముందు ఒళ్లు, తర్వాత జ్ఞాపకం.

తోటను ఎంచుకోవడం

మీ తోట మీకుంది. చూపించడానికి నాది తీసుకుంటాను. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస చుట్టుపక్కల నేలను ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని చెబుతారు. కొబ్బరి, జీడి, పనస కలిసి పెరిగే చోటు. 2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఉండుండి 165 దాకా పోయింది. తెల్లవారాక మా చిన్నమ్మ గుమ్మంలో నిలబడి అన్న మాట ఒక్కటే: "ఇదేమిటిరా, సముద్రం కనబడుతోంది." అంతకు ముందు ఆ గుమ్మంలోంచి సముద్రం ఎప్పుడూ కనబడలేదు. మధ్యలో చెట్లుండేవి.

పాఠానికి పనికొచ్చేది ఆ తర్వాతి రోజులు. పడిన కొబ్బరి మాను కలప కింద పెద్దగా అమ్ముడుపోదు. కోయించి తరలించాలంటే కూలి ఖర్చు చెట్టు పోయిన నష్టం మీద పడుతుంది. చాలా తోటల్లో దుంగలు పడినచోటే ఉండిపోయి, వాన నీళ్లు తాగి, లోపల పిప్పి అయ్యాయి. కొబ్బరి తోటకు ఆగర్భ శత్రువైన కొమ్ము పురుగు గుడ్లు పెట్టడానికి కోరుకునేది అలాంటి దుంగనే.

ఏ పురుగు?

ఇక్కడే ఎక్కువమంది జారతారు. దేవత అనగానే సీతాకోకచిలుకను చేస్తారు. అది పడిపోయినట్టు ఉండదు, పండక్కి చీర మార్చినట్టు ఉంటుంది. కాస్త చదివినవాళ్లు చీమను తెస్తారు. ఒక రకం శిలీంధ్రం అడవి చీమకు సోకి, దాన్ని గూటినుంచి దూరంగా నడిపించి, ఆకు ఈనెను కొరికి పట్టుకొని చచ్చేలా చేసి, తల వెనకనుంచి కాడలా మొలుస్తుంది. నిజమే, అద్భుతమే. 2017లో వచ్చిన ఒక పరిశోధన ఆ శిలీంధ్రం చీమ మెదడులోకి చొరబడకుండా కండరాల చుట్టూ వలలా అల్లుకుంటుందని చూపించింది. తల తనది, కాళ్లు తనవి కావు! కథకుడికి నోరూరే సంగతే. కానీ అందరూ ఆ చీమ వెంటే పడుతున్నారు, పైగా ఆ చీమకు మీ తోటతో పగా లేదు, ప్రేమా లేదు.

పురుగును ఎంచుకోవడానికి నేను వాడే కొలత ఒక సామెత. కంచే చేను మేసినట్టు. దేవత దేనికి కాపలా కాసిందో దాన్నే తినవలసిన ఆకలి ఉన్న ఒంటిని వెతకండి. చెరువు దేవత అయితే చెరువును చెడగొట్టే ఒళ్లు, ధాన్యపు దేవత అయితే గాదెలో ముక్కపురుగు. కొబ్బరి తోపు దేవతకు కొమ్ము పురుగు. వికారమైన ఒళ్లు దొరకడం పెద్ద శిక్షేమీ కాదు, నాలుగు రోజులకు ఎవరైనా అలవాటు పడతారు. ఆ ఒళ్లు ఆకలేసినప్పుడు ఎటు నడుస్తుందన్నదే కథ.

కొమ్ము పురుగు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత్ర బలమంతా ఈ వివరాల్లోనే ఉంది. కుళ్లిన దుంగలోనో పెంటకుప్పలోనో గుడ్డు. పది రోజులు అటూ ఇటూగా పగిలి, కొడవలిలా వంకర తిరిగిన తెల్లని పిల్లపురుగు వస్తుంది. అది మూడు నాలుగు నెలలు కుళ్లినదాన్నే తిని, ఎవరికీ హాని చేయకుండా బతుకుతుంది. తర్వాత మట్టి గూడులో మూడు వారాలు కదలకుండా ఉండి, నల్లని పెంకుతో, రెక్కలతో బయటికి వస్తుంది. మగదానికి కొమ్ము పొడుగు, ఆడదానికి పొట్టి. రెక్కలు వచ్చాకే అది చెట్టెక్కుతుంది. తలలో మొవ్వు దగ్గర, ఇంకా విచ్చుకోని లేత ఆకు మడతను తొలిచి రసం తాగుతుంది. ఆ ఆకు తర్వాత విచ్చుకున్నప్పుడు కత్తెరతో వేడుకగా కత్తిరించినట్టు రెండు పక్కలా ముక్కలు పోయి ఉంటుంది. రైతు తలెత్తి చూసేది అప్పుడు. పురుగు అప్పటికి వెళ్లిపోయి ఉంటుంది.

కథకుడికి ఇందులో ఎంత ఉందో చూడండి. పిల్లపురుగుగా ఉన్నన్నాళ్లు దేవత నిర్దోషి. చచ్చిన చెట్టును తింటోంది, బతికిన చెట్టు జోలికి పోలేదు. రెక్కలు రావడమే ఆమె పతనం. మామూలు కథల్లో రెక్కలు విముక్తికి గుర్తు. ఇక్కడ అవి ఆమెను నేరం దగ్గరికి మోసుకుపోతాయి.

పోయినవీ మిగిలినవీ

దేవతను మనిషినుంచి వేరు చేసే గుర్తులు మనకు నలుడి కథలోనే ఉన్నాయి. స్వయంవరంలో అయిదుగురు నలులు ఒకేలా కూర్చుంటే దమయంతి పోల్చుకున్నది వీటితోనే: దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, పాదాలు నేలకు ఆనవు, మెడలో దండ వాడదు, నీడ పడదు. కాగితం మధ్య గీత గీసి, ఎడమ పక్క ఈ గుర్తులు రాసి, కుడి పక్క పురుగు ఒంట్లో వాటి గతి ఏమైందో రాయండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

చెమట పట్టదు. పురుగుకూ పట్టదు. రెప్ప పడదు. పురుగుకు రెప్పలే లేవు. ఎన్నో చిన్న కటకాలు కలిసిన కన్ను, నిద్రలోనూ తెరిచే ఉంటుంది. అనిమిషులు, అంటే రెప్ప వేయనివాళ్లు, అని దేవతలకున్న బిరుదు ఆమెకు ఇంకా చెల్లుతుంది! అన్నీ పోయాయనుకుంటే రెండు మిగిలాయి. మిగిలినవి పోయినవాటికంటే ఎక్కువ బాధిస్తాయి. రెప్ప వేయలేని దేవత తను చేస్తున్నది చూడకుండా ఉండలేదు. పాదాల విషయం తిరగబడింది. ఒకప్పుడు నేలకు ఆననివి ఇప్పుడు ఆరు కాళ్లు, కొసన గోళ్లు, ముళ్లు, ఏది ముట్టుకుంటే దాన్ని పట్టుకొని వదలవు. నీడ వచ్చింది. రాత్రిపూట దీపం చుట్టూ తిరిగే పురుగు గోడ మీద తనకన్నా పదింతల నీడ వేస్తుంది. తనకు వెలిగించిన దీపం దగ్గరికి ఒకప్పుడు ఆమె వచ్చేది. ఇప్పుడూ వస్తుంది, వెలుతురు లాగినందుకు. రైతులు తోటలో ఎర బకెట్లు కూడా కడతారు. కొమ్ము పురుగులు ఒకదాన్నొకటి పిలుచుకునే వాసనను అందులో పెడితే, అవి వచ్చి పడతాయి. సాంబ్రాణి పొగకు కదిలివచ్చిన తల్లి ఒక ప్లాస్టిక్ బకెట్టు వాసనకు కదులుతుంది. ఈ వాక్యం మీకు ఉచితం, వాడుకోండి.

వాడని దండ దగ్గర ఆగాను. దానికి జవాబు బూజులో ఉంది.

ఏ బూజు?

"శరీరమంతా బూజు పట్టింది" అని రాయకండి. గోడకు పట్టినట్టు పురుగుకు పట్టదు. కొమ్ము పురుగుకు సోకే పచ్చ శిలీంధ్రం పేరు మెటారైజియం. 1879లో రష్యా శాస్త్రవేత్త మెచ్నికోవ్ గోధుమను తినే ఒక పెంకుపురుగు మీద దీన్ని గుర్తించాడు. నేడు కొబ్బరి రైతులు దీన్ని పెంటకుప్పల్లో, కుళ్లిన దుంగల్లో కలుపుతారు. కొబ్బరి నీళ్లలో కూడా దీన్ని పెంచవచ్చు. చెట్టుకు హాని చేయదు. పిల్లపురుగుల మీద బాగా పనిచేస్తుంది, రెక్కల పురుగుకూ సోకగలదు.

ఎలా సోకుతుందో క్రమంలో తెలుసుకోండి, ఎందుకంటే ఇది మీ కథకు గడియారం. శిలీంధ్రానికి విత్తనం లాంటి, కంటికి ఆనని సిద్ధబీజం పెంకుకు అంటుకుంటుంది. మొలకెత్తి ఒక చిన్న గొట్టాన్ని పెంకు మీదికి నొక్కుతుంది. కొంత రసాయనంతో కరిగిస్తూ, కొంత బలంతో నెడుతూ లోపలికి దిగుతుంది. పురుగు రక్తంలో చిన్న ముక్కలుగా విడిపోయి పెరుగుతుంది, విషాలు వదులుతుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ బయటికి ఏమీ కనబడదు. పురుగు తిండి తగ్గిస్తుంది, మందగిస్తుంది, చస్తుంది. చచ్చాకే శిలీంధ్రం ఒంటి అతుకుల్లోంచి బయటికి వస్తుంది, ముందు తెల్లని దూదిలా, ఆ పైన ముదురు పచ్చగా.

మెడ అతుకు వెంట ముందు తెలుపు, తర్వాత పచ్చ. వాడని దండ అదే. నా పట్టికలో కుడి పక్క ఖాళీగా ఉన్న గడి అలా నిండింది. నేను ఏమీ కల్పించలేదు.

ఇంకొకటి. పురుగు పెంకులో ఉండే కైటిన్ అనే పదార్థమే శిలీంధ్రం కణాల గోడల్లోనూ ఉంటుంది. పెంకూ, పెంకును తొలిచేదీ ఒకే మట్టితో చేసినవి. దీన్ని కథలో ఎవరి నోటా చెప్పించకండి. మీకు తెలిస్తే చాలు, వాక్యం దానంతటదే సర్దుకుంటుంది. అలాగే శిలీంధ్రం సోకిన మిడతలు ఎండలో కూర్చొని ఒంటిని వేడి చేసుకుంటాయి, జ్వరం తెచ్చుకున్నట్టు. ఆ సంగతిని మన పురుగుకు పెట్టుకుంటే అది మీ కల్పన. తప్పు లేదు. ఏది కల్పనో తెలియకుండా రాయడం మాత్రం తప్పు.

ఎందుకు పడింది?

మన కథల్లో ఈ చోట ఒక ముని వస్తాడు, కోపం వస్తుంది, శాపం వస్తుంది, కాళ్లు పట్టుకుంటే విమోచనం చెబుతాడు. ముని కథ బయటినుంచి వస్తాడు, అందుకే ఆయన్ను రానివ్వను. పతనానికి కారణం దేవత స్వభావంలోనే ఉంటే బాగుంటుంది. నా పాత్రకు నేను పెట్టుకున్నది ఇది: గాలి లేచిన రాత్రి ఆమె వెళ్లిపోవచ్చు. దేవతలు ఆవహిస్తారు, వదిలేస్తారు, అది వాళ్ల అలవాటే. ఈమె ఆ రాత్రి ఒక చెట్టును పట్టుకొని ఉండిపోయింది. చెట్టు పడింది, ఆమెతో సహా. చెట్టు కుళ్లింది, ఆమెతో సహా. ఆ కుళ్లులో ఒక పురుగు గుడ్డు పెట్టింది. శాపం ఇచ్చినవాళ్లు ఎవరూ లేరు, కాబట్టి ఎత్తేసేవాళ్లూ లేరు. దుంగలో పచ్చ బూజు కలిపిన రైతు చెడ్డవాడు కాడు. ఆమె దేవతగా ఉన్న రోజుల్లో తోట బాగుండాలని ఆమెకు మొక్కినవాడే, ఇప్పుడూ తోట బాగుండాలనే ఆ పని చేశాడు. ఈ కథలో విలన్‌ను వెతకడానికి మీ చేయి దురద పెడుతుంది. ఓర్చుకోండి.

రెండు జాగ్రత్తలు చెప్పి ముందుకు పోతాను. జనం కొలిచే అమ్మవార్ల పేర్లు ఈ అభ్యాసంలో వాడకండి. ఎవరి ఇలవేల్పునో పురుగును చేసి మనం సాధించేది ఏమీ లేదు. సొంతంగా ఒక తోపుతల్లిని కల్పించుకోండి, ఆ పేరుతో ఎవరి ఊళ్లోనైనా గుడి ఉందేమో అడిగి పెట్టండి. రెండోది మా ఉద్దానం వాళ్లకు. ఇక్కడి కిడ్నీ జబ్బును తోట దేవత శాపంగా రాసిన కథ ఒకటి నా దగ్గరికి వచ్చింది. వెనక్కి ఇచ్చేశాను. ఆ జబ్బుకు కారణం ఇదీ అని వైద్యులే తేల్చలేకపోతున్నారు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి "అమ్మవారికి కోపం వచ్చింది" అని మన కథ చెప్పకూడదు.

ఇప్పుడు మళ్లీ రాద్దాం

మొదటి రెండు వాక్యాల స్థానంలో నేను చివరికి రాసింది ఇది.

"రాత్రి సగం దాటాక ఆమె దుంగలోంచి బయటికి వచ్చి రెక్కల మీది పెంకులు విప్పింది. కుడిది విచ్చుకుంది. ఎడమది సగంలో ఆగింది. మూడు రాత్రులుగా ఆ కీలులో ఏదో అడ్డం పడుతోంది. నోటితో అందుకోబోయింది, అందలేదు.

ఈ చెట్టు ఆమెకు తెలుసు. దీన్ని నాటిన రోజు గోతిలో ఉప్పు వేసినవాడి చేయి వణికింది, ఎక్కువ వేశానేమో అని. తుఫానుకు ఒరిగి మళ్లీ లేచింది. తల నిటారుగానే ఉంది, నడుములో వంపు మాత్రం పోలేదు.

మొవ్వు చల్లగా ఉంది. పూర్వం ఆమె కూర్చునేది ఇక్కడే, కూర్చోవడానికి బరువు అవసరం లేని రోజుల్లో. ఇప్పుడు ముందుకాళ్లు ఆకు మడతను పట్టుకున్నాయి, పట్టుకుంటే వదలని కాళ్లు. నోరు పని మొదలుపెట్టింది. రసం వచ్చింది. తియ్యగా ఉంది. ఆగాలనుకుంది. ఇంకొంచెం తాగి ఆగాలనుకుంది.

ఈ ఆకు ముక్కలు ముక్కలుగా విచ్చుకుంటుంది. ఆ పొద్దున అతను కింద నిలబడి తలెత్తి చూస్తాడు. తిడతాడు. అదే చోట నిలబడి ఒకప్పుడు మొక్కేవాడు. మెడ వంపు రెండుసార్లూ ఒకటే."

ఇందులో దేవత అన్న మాట లేదు. పురుగు అన్న మాటా లేదు. బూజు ఊసు లేదు, కీలులో అడ్డం పడేదేమిటో పాఠకుడు తర్వాత తెలుసుకుంటాడు. దుఃఖం, వేదన, వైభవం మూడూ పోయాయి. "ఆగాలనుకుంది" పక్కన "కానీ ఆగలేకపోయింది" అని మొదట రాశాను, కొట్టేశాను. "ఇంకొంచెం తాగి ఆగాలనుకుంది" అన్నచోట మందు మానేద్దామనుకున్న ప్రతి మనిషీ తనను చూసుకుంటాడు, అది చాలు. ఉప్పు సంగతి ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతారేమో. కొబ్బరి మొక్క నాటే గోతిలో ఉప్పు వేయడం మా ఇళ్లలో అలవాటు. ఎంత వేయాలన్న దాని మీద మా నాన్నకూ చిన్నాన్నకూ ప్రతిసారీ గొడవ. దేవతకు గుర్తుండేవి యుగాలు, యజ్ఞాలు అనుకుంటాం. తోపులో ఉన్న దేవతకు ఉప్పు గుర్తుంటుంది.

ఒక్క లోపం నాకు ఇంకా కనబడుతోంది. మూడో పేరాలో "కూర్చోవడానికి బరువు అవసరం లేని రోజుల్లో" అన్నది కాస్త కవిత్వం. దాన్ని తీసేస్తే పాతకాలం పూర్తిగా మాయమైపోతోంది, ఉంచితే రచయిత గొంతు వినబడుతోంది. నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు పెట్టాను. మీరేం చేస్తారో మీ ప్రతిలో చేసి చూడండి.

ఈ పాఠానికి పని

మీ తోటకు, చెరువుకు, గాదెకు ఒక కాపలా దేవతను ఇచ్చి, కంచే చేను మేసే ఒళ్లు ఒకటి వెతకండి. ఆ పురుగు గురించి కథ మొదలుపెట్టే ముందే కనీసం పది సంగతులు తెలుసుకోండి. మీ ఊరి వ్యవసాయ సహాయకుణ్ణి అడగండి, అంతకన్నా మంచిది ఆ పురుగుతో పోరాడుతున్న రైతును అడగండి. ఆయన దానికి ఏ పేరు పెడితే ఆ పేరే వాడండి. దమయంతి పట్టిక గీయండి. అయిదు గడుల్లో కనీసం ఒకదాన్ని ఖాళీగా వదిలి రెండు రోజులు ఆగండి. తర్వాత ఆమె మొదటిసారి తను కాపలా కాసినదాన్ని తినే ఘట్టం ఒక్కటే, రెండు వందల మాటలు మించకుండా రాయండి. ఏడుపు ఉండకూడదు. "ఒకప్పుడు" అన్న మాట రెండుసార్లకు మించకూడదు. నేను పైన ఒకేసారి వాడాను, లెక్కపెట్టుకోండి.

రాసిన కాగితం పారేయకండి. వచ్చే పాఠం సంభాషణ, ఆమె మాట్లాడాలి. కొమ్ము పురుగును రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే కిర్రుమంటుంది. ఆ చప్పుడు నోటినుంచి రాదు, పొట్ట చివరను రెక్కల పెంకుకు రాస్తే వస్తుంది. వీలైతే ఈ లోపు ఒకదాన్ని పట్టుకొని చెవి దగ్గర పెట్టి విని రండి.